వెబ్‌సైటు ఎవరి పేర ఉంది?

ఏజెన్సీలో పెరిగినవాళ్లకు ఒక అలవాటు ఉంటుంది. భూమి కావచ్చు, దుకాణం కావచ్చు, ఆటో కావచ్చు, ఎవరైనా కొన్నామని చెప్తే మా నోట ముందు వచ్చే మాట "కాయితం ఎవరి పేర ఉన్నది?" అని. 1970లో వచ్చిన ఒకటో రెగ్యులేషన్, మా దగ్గర పిల్లాజెల్లా అందరూ 1/70 అని పిలిచే చట్టం నేర్పిన అలవాటది. షెడ్యూల్డు ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని చట్టం అంటే, పోవడానికి ఎన్ని దారులున్నాయో అన్నీ జనం వెతికారు. పేరు ఒకరిది, అనుభవం ఇంకొకరిది. బినామీ అనే మాట మా ఆదిలాబాద్ జిల్లా ఉట్నూర్‌లో అక్షరం రాని ముసలమ్మకు కూడా తెలుసు. ఇంత తెలిసినవాళ్లం, వెబ్‌సైటు చేయించుకునే దగ్గర మాత్రం ఆ ఒక్క మాట అడగకుండా డబ్బులు కట్టి వస్తున్నాం.

నేను ఉట్నూర్‌లో జిరాక్స్, డీటీపీ, ఆన్‌లైన్ సెంటర్ నడుపుతాను. డిగ్రీ పిల్లల 'దోస్త్' అడ్మిషన్లు, కుల, ఆదాయ సర్టిఫికెట్ల దరఖాస్తులు, పెళ్లి పత్రికలు, ఫ్లెక్సీ మ్యాటర్లు రోజూ ఉండేవే. కొన్నేళ్లుగా వీటికి తోడు చిన్న వ్యాపారాలవాళ్ల పనులు పెరిగాయి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్, ఫుడ్ లైసెన్సు, జీఎస్టీ. మహిళా సంఘాలవాళ్లు మగవాళ్ల సెంటర్లకు పోవడం కన్నా నా దగ్గరికి రావడానికే ఇష్టపడతారు. కాయితాలన్నీ సంచిలో పెట్టుకున్నాక, లేచి వెళ్లబోతూ, కొంచెం మొహమాటంగా అడుగుతారు: "అక్కా, మనం గూడ ఒక వెబ్‌సైటు పెట్టుకుంటే గిరాకి అస్తదా?"

చాలామందికి వద్దనే చెప్తాను. బస్టాండు దగ్గర టిఫిన్ సెంటర్‌కు వెబ్‌సైటు ఏం చేస్తుంది? గూగుల్ మ్యాప్‌లో పేరు, టైమింగు, ఫోన్ నంబరు సరిగ్గా ఉంటే చాలు. కిరాణానికి వాట్సాప్ సరిపోతుంది. గిరాకి నడిచి వచ్చే దూరంలో ఉన్నవాడికి సైటు ఒక సోకు. దానికి పెట్టే డబ్బుతో ఇంకో ఫ్రిజ్ కొనుక్కోవడం మేలు.

ఊళ్లో కాకుండా బయట గిరాకి ఉన్నవాళ్ల సంగతి వేరు. ఉషేగాంలో ఇత్తడి డోక్రా బొమ్మలు పోసే వోజులు ఉన్నారు. అవి కొనేవాళ్లు హైదరాబాద్‌లో, ఢిల్లీలో ఉంటారు, జైనూర్ అంగట్లో ఉండరు. ఉట్నూర్‌లో భీంబాయి ఆదివాసీ మహిళా సహకార సంఘం ఇప్పపువ్వు లడ్డు చేస్తుంది. రక్తహీనత తగ్గాలని హాస్టల్ పిల్లలకు ఆ లడ్లు పెడతారు. 2025 మార్చి 30న 'మన్ కీ బాత్'లో ప్రధాని ఆదిలాబాద్ జిల్లా ఇప్పపువ్వు వంటల ముచ్చట తీశారు. అట్లా పేరు వచ్చిన రోజు దేశం నలుమూలలా ఎవరో ఒకరు ఫోను తీసి వెతుకుతారు. వాళ్లకు వార్తలు, వీడియోలు బోలెడు దొరుకుతాయి. కానీ వాళ్లకు కావలసింది ఒక్క పేజీ: ఏం చేస్తారు, కిలో ఎంత, ఎవరికి ఫోన్ చేయాలి, మా ఊరికి పంపుతారా. కేస్లాపూర్ నాగోబా జాతరకు మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్‌ల నుంచి జనం వస్తారు, కుంటాల జలపాతానికి, జోడేఘాట్‌కు బయటి జిల్లాలవాళ్లు వస్తారు. రాత్రి ఉండటానికి గది, తినడానికి జొన్నరొట్టె ఎక్కడ దొరుకుతాయో బయలుదేరకముందే చూసుకుంటారు. ఇట్లాంటి వ్యాపారాలకు సైటు కావాలి, తప్పకుండా కావాలి.

మా వరుసకు వదినె ఒకామె ఇప్పపువ్వు లడ్లు, తేనె, జొన్న బిస్కెట్లు చేసి అమ్ముతుంది. నలుగురు ఆడవాళ్లు కలిసి నడిపే చిన్న యూనిట్. హైదరాబాద్‌లో వెబ్ డిజైనింగు చేసే ఒక పిల్లవాడు 18 వేలకు ఒప్పుకొని సైటు చేసిచ్చాడు. ఐదు పేజీలు, లోగో, ఏడాది హోస్టింగ్. మంచివాడే, మోసగాడు కాదు. మొదటి ఏడాది బాగానే నడిచింది. రెండో ఏడు "రెన్యువల్ ప్యాకేజీ" అని 12 వేలు అడిగితే వదినె కట్టింది. మూడో ఏడు ఆ పిల్లవాడి ఫోను పనిచేయలేదు. కంపెనీ మూసేసి ఏదో ఉద్యోగంలో చేరాడట, నంబరు మార్చాడట. డొమైన్, అంటే వెబ్‌సైటు పేరు, ఆ పిల్లవాడి ఈమెయిల్ మీద, ఆ పిల్లవాడి పాత నంబరు మీద రిజిస్టరై ఉంది. గడువు దగ్గర పడిందని వచ్చిన మెయిళ్లన్నీ అతనికే పోయాయి. డబ్బు కడతామన్నా ఓటీపీ ఎవరికి వస్తుంది? గడువు దాటింది, సైటు పోయింది. ఇంకొన్నాళ్లకు అదే పేరు కొట్టి చూస్తే ఏదో పేకాట యాప్ ప్రకటన వస్తోంది.

అంతటితో అయిపోలేదు. ఆ పేరు అప్పటికే లడ్ల కవర్ల వెనక అచ్చయి ఉంది, బస్తాకు బస్తా. కవర్లు పారేస్తే నష్టం, వాడితే కొన్నవాళ్లు పేకాటకు పోతారు. చివరికి నా దగ్గరికొచ్చి ఏ4 స్టిక్కర్ షీట్ల మీద కొత్త చిరునామా చిన్న అక్షరాల్లో కొట్టించుకుంది. ఆ షీట్లను సన్నటి పట్టీలుగా కత్తిరించి, నలుగురూ కూర్చుని ఒక్కో కవరు మీద పాత పేరు కనపడకుండా అంటించారు. చిక్కేమంటే ఆ పేరు కిందనే ఫుడ్ లైసెన్సు 14 అంకెల నంబరు ఉంది. పట్టీ వెంట్రుకవాసి జారినా నంబరు మూసుకుపోతుంది, ఇన్‌స్పెక్టర్ చూస్తే అదొక కేసు. నెలకు నెల సంపాదన లెక్క పెట్టుకునే ఆడవాళ్లు పొయ్యి ఆర్పేసి స్టిక్కర్లు అంటించుకుంటూ కూర్చున్నారు.

ఇక్కడ పొరపాటు ఎవరిదని తేల్చడం కన్నా అసలు సంగతి తెలుసుకోవడం ముఖ్యం. "వెబ్‌సైటు" అని ఒక్క ధర చెప్పి అమ్మేది నిజానికి మూడు వేర్వేరు సరుకులు. మొదటిది పేరు, అదే డొమైన్. ఏ రిజిస్ట్రార్ కంపెనీ దగ్గరైనా ఏడాదికి వెయ్యి రూపాయలు, అటూ ఇటూ. డాట్ ఇన్ పేర్లయితే వాటి పెత్తనం 'నిక్సీ' అనే మన దేశ సంస్థది. రెండోది హోస్టింగ్, అంటే ఫొటోలు, రాతలు ఉండే కంప్యూటర్‌లో చోటు అద్దెకు తీసుకోవడం. చిన్న సైటుకు ఏడాదికి రెండు మూడు వేలతో అయిపోతుంది. మూడోది పేజీలు కూర్చిన పనితనం, దానికి ఒక్కసారి కూలి. సైటుకు భద్రత సర్టిఫికెట్ పెట్టడానికి విడిగా డబ్బులు అడిగేవాళ్లూ ఉన్నారు. 'లెట్స్ ఎన్‌క్రిప్ట్' అనే లాభాపేక్ష లేని సంస్థ ఆ సర్టిఫికెట్లను కొన్నేళ్లుగా ఉచితంగానే ఇస్తోంది.

ఈ మూడింటిలో పోతే మళ్లీ రానిది పేరొక్కటే. హోస్టింగ్ పోతే వేరే చోట పెట్టుకోవచ్చు, డిజైన్ నచ్చకపోతే మళ్లీ చేయించుకోవచ్చు. డొమైన్ గడువు దాటితే కొద్దిరోజులు వెసులుబాటు ఉంటుంది. ఆ తర్వాత కొన్నాళ్లు జరిమానాతో కట్టించుకుంటారు. అదీ దాటితే లోకంలో ఎవడైనా కొనుక్కోవచ్చు. పాత సైటుకు అలవాటు పడ్డ జనం ఎట్లాగూ వస్తారు కాబట్టి, ఇట్లా వదిలేసిన పేర్ల కోసం కాచుకుని కూర్చునే వ్యాపారం ఒకటుంది.

పేరు విలువను మన సుప్రీంకోర్టు ఎప్పుడో తేల్చింది. ఆ కేసు మన హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్ కుటుంబానిదే. సత్యం ఇన్ఫోవే అనే వాళ్ల అనుబంధ కంపెనీ 'సిఫీ' పేరుతో డొమైన్లు నడుపుకుంటుంటే, ఇంకో కంపెనీ ఇంచుమించు అలాగే పలికే 'సిఫీనెట్' అని పెట్టుకుంది. కింది కోర్టు ఒక తీరుగా, హైకోర్టు ఇంకో తీరుగా చెప్పాక, 2004లో సుప్రీంకోర్టు సత్యం ఇన్ఫోవే పక్షాన నిలబడింది. డొమైన్ పేరు ఉత్త చిరునామా కాదనీ, ట్రేడ్‌మార్కులాగా దానికీ రక్షణ ఉందనీ చెప్పింది. డాట్ ఇన్ తగాదాలకు నిక్సీ దగ్గర మధ్యవర్తిత్వం కూడా ఉంది. చట్టం ఉండటం మంచిదే. కానీ లడ్లు చుట్టుకునే మనిషి ఢిల్లీ దాకా పోయి వాదిస్తుందా? ఆ ఖర్చుతో ఎన్నో ఏళ్ల రెన్యువల్ కట్టుకోవచ్చు.

"గీ తిప్పలెందుకు, ఇన్‌స్టాల పెడితె అయిపాయె" అని కుర్రకారు అంటారు. ఆ మాటలో సగం నిజముంది. ఇవాళ గిరాకి ముందు తగిలేది ఇన్‌స్టాగ్రామ్‌లోనే, ఆర్డరు వచ్చేది వాట్సాప్‌లోనే. నేనూ వాటిని మానమనను. కానీ ఊరి జాగాలో డేరా వేసుకున్నవాడు ఎప్పుడైనా లేవాల్సి రావచ్చు. 2020 జూన్ 29 రాత్రి టిక్‌టాక్ మీద నిషేధం వచ్చింది. లక్షల మంది చూసే వీడియోలు చేసుకున్న పల్లెటూరి పిల్లలకు తెల్లారేసరికి ఏమీ మిగల్లేదు. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ మూడూ ఒక్కసారే ఆరేడు గంటలు ఆగిపోయాయి. గూగుల్ సంగతి ఇంకా ముచ్చట. చిన్న వ్యాపారాలను ఆన్‌లైన్‌కు తెస్తామని 2011లో మన దేశంలో పెద్ద కార్యక్రమమే పెట్టి, మొదటి ఏడాదికి డాట్ ఇన్ పేరు, సైటు ఉచితంగా ఇచ్చింది. ఆ తర్వాత బిజినెస్ ప్రొఫైల్ నుంచే నిమిషాల్లో ఉచిత వెబ్‌సైటు చేసుకోవచ్చంది. 2024 మార్చిలో ఆ ఉచిత సైట్లన్నీ మూసేసింది. కొన్ని వారాల ముందు మెయిలు పంపారు, అంతే. మా ప్రాంతంలో వ్యాపారులు ఆ మెయిళ్లు తెరిచి చూస్తారా? ఇచ్చినవాడు తీసుకున్నాడు, అడిగే హక్కు ఎవరికీ లేదు. సొంత పేరు ఉండి ఉంటే దాన్ని ఇంకో చోటికి తిప్పుకునేవాళ్లు, గిరాకికి తెలిసేది కూడా కాదు.

పేరు సంగతి అయ్యాక రెండో పేచీ తెలుగుతో. నేను డీటీపీ మనిషిని కాబట్టి ఇది కొంచెం వివరంగా చెప్పాలి. మా సెంటర్లలో పెళ్లి కార్డులు, కరపత్రాలు ఎక్కువగా అను ఫాంట్లలోనే కొడతాం. చూడటానికి అందంగా ఉంటాయి, ప్రెస్సువాళ్లకు అలవాటు. కానీ ఆ ఫైలు లోపల ఉన్నది తెలుగు కాదు. ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు ఉండే చోట్ల తెలుగు ఆకారాలు కూర్చోబెట్టి ఉంటాయి. కరపత్రం మ్యాటరునే వెబ్‌సైటులో అతికిస్తే డాలర్ గుర్తులు, యూరప్ అక్షరాలు, చుక్కలు వరుసగా ప్రత్యక్షమవుతాయి. ఒకప్పుడు తెలుగు పత్రికల సైట్లు చదవాలంటే ఒక్కో పత్రిక ఫాంటు ఒక్కోటి దించుకోవాల్సి వచ్చేది, వయసున్న పాఠకులకు గుర్తుండే ఉంటుంది. అదే రోగం ఇది. యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచే ఉంది, ఇవాళ ప్రతి ఫోనులో ఉన్నది అదే తెలుగు. అయినా వ్యాపారి ఇచ్చే మ్యాటరు ఇంకా అను ఫైలుగానే పోతోంది.

డిజైనర్ ఏం చేస్తాడు? తెలుగు రాని పిల్లవాడైతే చిక్కు విడదీయకుండా మొత్తం మ్యాటరును ఒక బొమ్మగా మార్చి పేజీలో అతికిస్తాడు. చూసేవాళ్లకు అక్షరాలే కనపడతాయి. గూగుల్‌కు మాత్రం అదొక ఫొటో, అంతే. మా దగ్గర జనం టైపు చేయరు, ఫోనులో మాట్లాడి వెతుకుతారు. "ఇప్పపువ్వు లడ్డు ఏడ దొరుకుతది" అని అడిగిన మనిషికి ఆ పేజీ ఎన్నటికీ దొరకదు. బొమ్మలో ఉన్న ఫోన్ నంబరు మీద వేలు పెడితే ఫోను కలవదు, కాయితం మీద రాసుకొని కొట్టుకోవాలి. కళ్లు లేనివాళ్ల ఫోను దాన్ని చదివి వినిపించదు. కాబట్టి పైసా ఖర్చు కూడా లేకుండా ఎవరైనా చేయగలిగే పరీక్ష ఒకటి చెప్తాను. సైటు తయారైందని లింకు పంపగానే, అందులో ఒక తెలుగు వాక్యం మీద వేలు నొక్కి పట్టండి. అది కాపీ కావాలి, వాట్సాప్‌లో అతికిస్తే తెలుగుగానే రావాలి. రాకపోతే బిల్లు ఆపండి.

కొనేవాళ్లంతా ఇంగ్లిషు చదివేవాళ్లే కదా, తెలుగెందుకని డిజైనర్లు వాదిస్తారు. కొనేవాళ్ల సంగతి వాళ్లకన్నా మనకే ఎక్కువ తెలుసు. గుడిహత్నూర్ దగ్గర 44వ జాతీయ రహదారి ఎక్కితే ఇటు హైదరాబాద్, అటు నాగ్‌పూర్. మా వదినె లడ్లకు కిన్వట్, చంద్రాపూర్ వైపు నుంచి కూడా అడిగేవాళ్లున్నారు. వాళ్ల కోసం మరాఠీలో నాలుగు వాక్యాలు రాయించమన్నాను. అంగట్లో మరాఠీ మాట్లాడి అమ్మేవాళ్లం, పేజీ మీద రాయడానికి సిగ్గెందుకు? నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన రాతప్రతుల గోండి లిపిని 2018లో యూనికోడ్‌లో చేర్చారు. అంటే గోండి అక్షరాల్లో దుకాణం పేరు ఇప్పుడు బొమ్మగా కాకుండా అక్షరాలుగానే సైటులో పెట్టుకోవచ్చు. దానివల్ల అమ్మకం పెరుగుతుందని చెప్పను. ఉంటే బాగుంటుంది, అంతే. డాట్ భారత్ అని తెలుగు లిపిలోనే డొమైన్ తీసుకోవచ్చు కూడా, కానీ కవరు మీద అచ్చు వేసేదానికి ఇంగ్లిషు పేరొకటి ఉండాల్సిందే, నాగ్‌పూర్ మనిషి తెలుగు ఎట్లా కొడతాడు?

ఫొటోల దగ్గర ఇంకో అన్యాయం. మా వదినె పాత సైటు మొదటి పేజీలో కోటు వేసుకున్న తెల్లవాళ్లు చేతులు కలుపుకుంటూ నవ్వుతుండేవారు. కింద "వుయ్ ఆర్ ఎ లీడింగ్ ప్రొవైడర్" అని ఎక్కడిదో ఎత్తి పెట్టిన మ్యాటరు. లడ్డు ఫొటో నాలుగో పేజీలో, చిన్నగా. చైత్రంలో తెల్లవారకముందే ఇప్పచెట్ల కింద పువ్వు ఏరుకునే ఆడవాళ్లు, ఎండిన పువ్వును మూకుడులో వేయించే వాసన, పల్లీలు, నువ్వులు, బెల్లం, ఇవన్నీ ఇంట్లో ఉండగా కోటువాళ్లు దేనికి? డోక్రా అయితే ఇంకా చెప్పాలి. మట్టి అచ్చు మీద తేనెమైనాన్ని తీగలా సాగదీసి చుట్టడం, దాని మీద మళ్లీ మట్టి మెత్తడం, కాల్చితే మైనం కరిగిపోయి ఆ ఖాళీలోకి కరిగిన ఇత్తడి పోయడం, చల్లారాక మట్టి పగలగొట్టడం. ఒక అచ్చుకు ఒకటే బొమ్మ. ఆ మైనం తీగ చుట్టే వేళ్ల ఫొటో ఒక్కటి పెడితే, ధర ఎందుకంత అని ఎవరూ అడగరు. ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరు కొట్టి వెతికితే నాకు అమ్మేవాళ్లు వరుసగా కనపడతారు, పోసేవాళ్లు కనపడటానికి చాలా కిందికి పోవాలి. గుర్తింపు కాయితం ఇచ్చింది పోసేవాళ్ల ప్రాంతం పేరు మీద, లాభం పోయేది ఇంకో చోటికి.

ఇక ఆన్‌లైన్ అమ్మకం. సైటు అనగానే బుట్టలో వేసుకొని డబ్బు కట్టే ఏర్పాటు కావాలంటారు. మొదట్లో వద్దు. పేమెంట్ గేట్‌వే పెట్టుకుంటే రీఫండ్ నిబంధనల పేజీలు రాయాలి, ప్రతి అమ్మకం మీద కమీషన్ పోతుంది. రోజుకు ఐదారు ఆర్డర్లు వచ్చే యూనిట్‌కు అదొక గుదిబండ. వాట్సాప్ బటన్, యూపీఐ నంబరు, ధరల పట్టిక, పోస్టు ఖర్చు ఇంత అని ఒక వాక్యం, ఇంతే చాలు. ధర రాయకుండా "వివరాలకు సంప్రదించండి" అనేవాళ్లను చూస్తే నాకు కోపం. అంగట్లో ధర అడిగితే వివరాలకు సంప్రదించమంటామా? ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోవాలి. సొంత సైటు మీద మహారాష్ట్రకు తేనెసీసా అమ్మితే అది అంతర్రాష్ట్ర అమ్మకం, టర్నోవర్ ఎంత తక్కువైనా జీఎస్టీ నంబరు ఉండాలి. హస్తకళలకు కొంత మినహాయింపు ఉంది, తినే వస్తువులకు లేదు. సరిహద్దు జిల్లాలో ఉన్న మాకు ఇది రోజువారీ సమస్య, డిజైనర్ దీన్ని చెప్పడు, చెప్పాల్సిన పని అతనిది కాదు కూడా.

డిజైనర్ల మీద నాకు పగ లేదు. నిజానికి బేరం మరీ కిందికి గుంజేది మనవాళ్లే. ఐదు వేలకు సైటు కావాలి, అందులోనే లోగో, అందులోనే ఫొటోలు, జీవితాంతం మార్పులు. ఆ డబ్బుకు పనిచేసినవాడు ఎక్కడో ఒక చోట తిరిగి రాబట్టుకోవాలి కాబట్టి పేరును తన దగ్గర పెట్టుకొని ఏటా వసూలు చేసుకుంటాడు. పనికి తగ్గ కూలి ఇవ్వండి, పేరు మాత్రం మీరే కొనుక్కోండి. డొమైన్ కొనడం రైలు టికెట్టు తీసుకున్నంత పని, మీ ఈమెయిల్, మీ ఫోను, మీ కార్డు. కొన్నాక డిజైనర్‌కు అవసరమైన మేరకు తాళం ఇవ్వొచ్చు. ఇప్పటికే సైటు ఉన్నవాళ్లు డొమైన్ బదిలీకి కావలసిన కోడ్ అడగండి, ఇవ్వడానికి నసిగితే అప్పుడే అర్థం చేసుకోండి. ఇంట్లో డిగ్రీ చదివే పిల్ల ఉంటే ఇంకా మంచిది. లోకంలో ఉన్న సైట్లలో పదింటికి నాలుగు వర్డ్‌ప్రెస్ మీదే నడుస్తున్నాయి. అది ఉచితం, ధరలు మార్చడం, ఫొటో పెట్టడం ఆ పిల్ల చేసుకోగలదు.

చివరగా ఐటీడీఏ, అంటే గిరిజనాభివృద్ధి సంస్థ పెద్దలకు ఒక మాట. ఉట్నూర్ ఐటీడీఏ యూనిట్లకు మిషన్లు, షెడ్డు, శిక్షణ ఇస్తుంది. 2018లో మొదలైన వన్‌ధన్ కేంద్రాల్లో అడవి సరుకుకు విలువ పెంచడం నేర్పుతున్నారు. గిరిజనుల సరుకు అమ్మిపెట్టే కేంద్ర సంస్థ ట్రైఫెడ్ ఆన్‌లైన్ అంగడి నడుపుతోంది. మంచిదే, కానీ అంగడి ట్రైఫెడ్‌ది, సంఘానిది కాదు. ప్రాజెక్టు అధికారి బదిలీ అయితే, పథకం పేరు మారితే, దానితోపాటు చేసిన సైటూ మూలన పడుతుంది. ఐటీడీఏ మంజూరు చేసే ప్రతి యూనిట్ అంచనాలో ఇంకో పద్దు చేర్చాలి: సంఘం పేర, సంఘం అధ్యక్షురాలి ఫోన్ నంబరు మీద ఐదేళ్లకు కట్టిన డొమైన్. అయ్యే ఖర్చు ఒక కుట్టుమిషను ధర కూడా ఉండదు. దానితోపాటు రెన్యువల్ ఎట్లా కట్టాలో ఒక పూట నేర్పితే సరిపోతుంది, నేర్పడానికి నాలాంటి సెంటర్లవాళ్లం ఇక్కడే ఉన్నాం.

పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో జాతర, ఆ తర్వాత దర్బారు. మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ కాలంలో, 1940లలో, ఆదివాసుల కష్టాలు అధికారులు నేరుగా వినాలని పెట్టిన దర్బారు అది. రోడ్లు, పోడు, నీళ్లు ఎట్లాగూ అడుగుతాం. ఈసారి సంఘాల అక్కలు ఈ డొమైన్ పద్దు కూడా అర్జీలో రాసి ఇవ్వండి. అర్జీ నా సెంటర్లో టైపు చేసిస్తాను, డబ్బులు వద్దు.